గంజి పెట్టిన ఊలు

జగిత్యాల దవాఖానల ఉన్నన్ని రోజులు నాకు అన్నం లోపటికి పోలేదు. ఫినాయిల్ వాసన, దాని కింద ఫినాయిల్ గూడ దాచలేని ఇంకో వాసన, మెట్ల మూలకు ఎవలో ఉమ్మిన పాన్ మరక. ముద్ద నోట్లె పెట్టుకుంటే కడుపుల నుంచి ఎదురొచ్చేది. నేను అసలే రోసే మనిషిని. మా అత్త శంకరవ్వ ఎప్పుడూ అంటది, "దేవుడు మా ఇంటికి ఇచ్చిన ముక్కులన్ని నీ ఒక్కదాని మొఖానికే పెట్టిండు" అని.

రోత కన్నా భయం పెద్దగుండె. నా పెద్దబిడ్డ సంధ్య నెలలు నిండక ముందే కన్నది. మగపిల్లగాడు. తువ్వాల మడతంత ఉన్నడు. అద్దాల పెట్టెల పండబెట్టిండ్రు. సంధ్యకు పాలు పడలే. నర్సు వచ్చి, "డబ్బపాలు ఈ పిల్లగానికి అరగవు, తల్లిపాలే కావాలె" అన్నది. ఎక్కడికెల్లి తేవాలె? నా కండ్ల ముందట అన్ని చెడ్డయే తిరిగినయి. సిరిసిల్లల మా ఇంటి ముంగట చాప పరిచినట్టు, దాని మీద వాడకట్టోల్లు మాట్లాడకుంట కూసున్నట్టు సుత కనిపించింది.

పక్క మంచం మీద శ్రీలత ఉండె. బీర్పూర్ పిల్ల. వాళ్లాయన తాటిచెట్లెక్కి కల్లు గీస్తడు. ఆమెకు ఆడపిల్ల పుట్టింది, పుష్టిగ. ఆ పిల్ల తాగంగ ఇంకా పాలు మిగిలి జాకెట్ తడుస్తుండె. నర్సు మాట ఇన్నది గావచ్చు, మంచం మీద లేచి కూసోని, "సిస్టర్, నేనిస్త" అన్నది. ఆమెను ఎవలం అడగలే. నర్సు ఆమె రిపోర్టులు చూసి, డాక్టరమ్మకు చూపెట్టి, సరే అన్నది. శ్రీలత ఉగ్గుగిన్నెల పిండి ఇచ్చేది. నర్సు దాన్ని సన్న పైపుతోటి మా పిల్లగానికి పోసేది.

నాకు అప్పుడు గూడ భయమే. ఆమెకు లోపట ఏమన్న రోగముంటే? రిపోర్టులు మారిపోయి ఉంటే? "సిస్టర్, ఇంకోసారి చూడుండ్రి" అని నర్సు ఎంబడి పడ్డ. నర్సు విసుక్కున్నది. శ్రీలత మాత్రం నవ్వింది.

"అవ్వా, నువ్వు భయపడుడు తర్వాత భయపడు. ముందుగాల నీ మనుమడు తాగుతుండో లేదో చూడు."

తాగిండు. సంధ్యకు పాలు పడేదాక శ్రీలత గిన్నె ఆగలే. ఆమె డిశ్చార్జి నాడు నేను మందుల దుకాణం కాడ లైనుల నిలబడి తిరిగొచ్చేటాలకు ఆ మంచం మీద వేరే మనిషి పండుకోని ఉన్నది. శ్రీలతను వాళ్లోల్లు ఆటోల తీస్కపోయిండ్రట. పిల్లగాని పానం పోసిన మనిషికి నోటితోటి ఒక్క మాట చెప్పలేకపోయిన.

ఇంటికొచ్చినంక అదే పట్టుకున్నది నన్ను. కోరుట్లల సంధ్య అత్తగారింట్ల మనుమని తొట్టెల చేస్తరు, పిల్లగాన్ని మొదటిసారి ఉయ్యాలల ఏసే పండుగ. ఆ నాడు శ్రీలతను పిలవాలె, నా చేతులతోటి చేసిన బట్ట ఆమె బిడ్డకు తొడగాలె, నలుగురి ముందట "మా పిల్లగాన్ని బతికిచ్చింది ఈమెనే" అని చెప్పాలె. గంతే నేను కోరుకున్నది.

చేతులతోటే ఎందుకంటే, మేము సాలోల్లం, బట్ట నేసేటోల్లం. కొన్న బట్ట పెడితే అది దుకాణపోడు పెట్టినట్టు. మన చెయ్యి పడ్డ బట్ట పెడితేనే మనం పెట్టినట్టు. మా అత్త తన పిల్లలకు మొదటి బట్ట మగ్గం మీద తానే నేసింది. ఇప్పుడు మగ్గం లేదు. మా ఇంటాయన సాంచల మీద, కరెంటు మగ్గాల మీద, పాలిస్టర్ నేస్తడు. అది చంటిపిల్లకు తొడిగితే ఒళ్లు కాలుతది. ముసురు దినాలు, పిల్లకు వెచ్చగుంటదని స్వెటర్ అల్లుదామనుకున్న. మా చిన్నబిడ్డ అక్షిత ఫోన్ల చూసి చెప్తే నేర్చుకున్న. రెండు సూదులు, పసుపు రంగు ఊలు. బీడీలు చేసే చేతులు నావి, తంబాకు వాసన అంటుతదని అల్లినన్ని రోజులు బీడీల చాట ముట్టలే.

దవాఖానల తీసుకున్న నంబరుకు సంధ్య శ్రీలతకు ఫోన్ చేసి పిలిచింది. అస్త అన్నదట. ఆ ముచ్చట మా వియ్యపురాలు రాజవ్వకు తెల్సి నాకు ఫోన్ చేసింది.

"ఏంది వదినె, ఆ బీర్పూర్ ఆమెను పిలిచిండ్రట?"

"అవు వదినె. మన పిల్లగానికి పాలిచ్చిన మనిషి గదా."

"గా మాట బయట అనకు. మేము అందరికి డబ్బపాలు తాగిండనే చెప్పినం. కల్లు ఇంటోల్ల పాలు కడుపుల పడ్డయంటే మా సుట్టాలు ఏమనుకుంటరు? దవాఖాన నుంచి తెచ్చిన నాడే నేను తులసినీళ్లతోటి వాని నోరు కడిగిన. నాలిక మొత్తం తుడిసిన."

ఫోన్ చెవుకు దూరం పట్టుకున్న. తువ్వాల మడతంత పిల్లగాడు, బొటనవేలంత నోరు, దాంట్ల ఈమె వేలు పెట్టి ఏం తుడిసింది? దవాఖాన మెట్ల కాడ పాన్ మరక చూసినప్పుడు గూడ నాకు గంత రోత పుట్టలే. ఆ వేలికి ఉంగరమున్నది, దాంట్ల ఎన్నేండ్ల మట్టి ఉన్నదో. అయినా నా బిడ్డ ఆ ఇంట్లనే బతకాలె. "సరే వదినె" అని పెట్టేసిన. పెట్టేసి నోరు పుక్కిలిచ్చిన, నా నోట్లె ఏం లేకున్నా.

స్వెటర్ మొదలుపెట్టినంక ఇంకో భయం పట్టుకున్నది. ఊలుకు నూగు లేస్తున్నది. నా చీర మీద, చేతుల మీద పసుపు పసుపు పోగులు. చంటిపిల్ల చెయ్యి నోట్లె పెట్టుకుంటది గదా, ఆ పోగు గొంతుల ఇరుక్కుంటే? ముక్కులకు పోతే? బతికిచ్చిన మనిషి బిడ్డను నేను సంపుకున్నట్టు అయితది. సూదులు పక్కకు పెట్టి కూసున్న.

మా అత్త గద్దె మీద కెల్లి చూసింది. "ఏమైందే?"

"నూగు లేస్తుంది అత్తా."

"లేస్తే గంజి పెట్టు."

"ఊలుకు గంజి పెడ్తరా?"

"దారం దారమే. చెట్టుదైతే ఏంది, గొర్రెదైతే ఏంది. గంజి తాగని దారం మాట ఇంటదా? మగ్గం పడుగుకు నేను పెట్టిన గంజి ఏరై పారితే ఊరు దాటి పోతుండె."

అక్షిత ఫోన్ మీదికెల్లి తల ఎత్తింది. "నానమ్మా, యూట్యూబ్ల ఎవలూ గంజి పెడ్తలేరు."

"గా వీడియో ఆమె సాలోల్ల ఇంట్ల పుట్టిందా?" అన్నది మా అత్త.

నాకు గూడ అదే నిజమనిపించింది. నూలుకు గంజి పెడితే నూగు అణుగుతది, పోగు గట్టిపడతది. చిన్నప్పటి నుంచి చూసిందే. బియ్యంపిండి గంజి కాచి, అల్లింది ఇప్పి ఊలు చిలుపలు కట్టి ముంచి, పిండి, సూరు కింద దండెం మీద ఆరేసిన. నూలు అయితే గంజి తాగి ఎండలకు తడి ఇడిసిపెడతది. ఎండ ఎక్కడున్నది? ముసురు. ఊలు గంజి తాగింది, తాగి లోపటనే దాచుకున్నది. ముట్టుకుంటే పైకి ఎండినట్టే ఉండె. నూగు లేకుంట, పోగు తాడు లెక్క మంచిగుండె. నాకు పానం కుదుటపడ్డది. పొద్దంత అల్లిన. ఆ ముసురుకు నాకు పడిశం పట్టి ముక్కు మూసుకపోయింది. స్వెటర్ అయిపోంగనే బొద్దింకలు ముడతయేమో, బల్లి గుడ్లు పెడతదేమో అని పిలాస్టిక్ కవర్ల పెట్టి ముడేసిన. దాని మీద ఇంకో కవర్ ఏసి ఇంకో ముడి. పెట్టెల పెట్టి మూత పెట్టిన.

తొట్టెల నాడు పొద్దుగాలనే కోరుట్ల బస్సెక్కిన. మా ఇంటాయన సాంచ మీది పోగు బీము అయిపోయినంక వెనుక బస్సుకు అస్తనన్నడు. ముసురు ఇడిసి ఎండ కాస్తున్నది. సంచి ఒళ్లె పెట్టుకున్న. బస్సుల ఎండ నా దిక్కే పడ్డది.

వేములవాడ దాటినంక వాసన తగిలింది. మూసుకపోయిన ముక్కు దానికే తెరుచుకున్నది. పులిసింది, మురిగింది, ఏదో సచ్చింది. నా పక్కకు ఒక ఆమె కూసున్నది, రాజన్న దర్శనం చేసుకోని అస్తున్నది, ఒళ్లె పెద్ద సంచి. ఛీ, గుడికి పోయొచ్చిన మనిషి ఏం పెట్టుకున్నదో దాంట్ల అనుకున్న. కొంగు ముక్కుకు పెట్టుకున్న. ఆమె గూడ పెట్టుకున్నది. ఆమె వాసన ఆమెకే పడ్తలేదనుకున్న.

ఆగలేక అన్న. "అక్కా, నీ సంచి జర కింద పెట్టుకోరాదు. ఏదో మురిగినట్టున్నది."

ఆమె నా దిక్కు చూసింది. సంచి నోరు తెరిచి చూపెట్టింది. కొబ్బరిచిప్పలు, బెల్లం, బొట్టు పొట్లం. "నాది చూసినవ్ గదా. ఇగ నీది తెరువు" అన్నది.

ముడి ఇప్పంగనే ముందటి సీటోల్లు గూడ తిరిగిండ్రు. పులిసిన గంజి, తడిసిన కుక్క, కడగని సల్లకుండ, మూడు కలిస్తే ఎట్లుంటది, గట్ల. స్వెటర్ మెడ కాడ నల్లటి బూజు చుక్కలు. చేతులు జిగటగ ఒకదానికొకటి అంటుకున్నయి. నేను కిటికీల కెల్లి తల బయట పెట్టి పొద్దుగాల తాగిన చాయ మొత్తం కక్కిన.

"ఏంది చెల్లే అది, సచ్చిన ఎలుకనా?" అన్నది ఆమె.

"స్వెటర్."

"ఎవలకు?"

"చంటిపిల్లకు."

ఆమె లేచి కండక్టర్ కాడికి పోయి నిలబడ్డది. కోరుట్ల దాక నా పక్క సీటుల ఎవలూ కూసోలే.

బస్సు దిగేదాక నా తలకాయల ఒక్కటే. దీన్ని తొడిగితే పిల్లకు ఒళ్లంత పొక్కులు లేస్తయి. ఆ బూజు ఊపిరితిత్తులకు పోతది. శ్రీలత ఇది చూసి, పాలిచ్చినందుకు నాకు పెట్టేది గిదా అనుకుంటది. పారేద్దామంటే చేతులు ఖాళీ. నా చేతి మీద నాకే అసహ్యం పుట్టింది.

రాజవ్వోల్ల ఇంటి ముంగట టెంటు ఏసిండ్రు. గడప కాడనే ఆమె ఎదురొచ్చి నా సంచి దిక్కు ముక్కు ఎగబీల్చింది.

"వదినె, ఏదో వాసనొస్తుంది."

"బస్సుల ఎవలో కక్కిండ్రు" అన్న. అంత అబద్ధం గూడ కాదు.

సంచి తీస్కపోయి పెరట్ల బాత్రూం గోడ వెనుక పెట్టి వచ్చిన. లోపట సంధ్య కొత్తచీర కట్టుకోని పిల్లగాన్ని ఒళ్లె పెట్టుకోని కూసున్నది. పిల్లగాని చెంపలు నిండినయి. వాన్ని చూసి నాకు కండ్లల నీళ్లు తిరిగినయి. "శ్రీలత అచ్చిందా?" అని అడిగిన. సంధ్య కండ్లతోటి బయటికి చూపెట్టింది.

టెంటు చివరకు, చెప్పులు ఇడిసిన కాడ, పిలాస్టిక్ కుర్చీల కూసున్నది శ్రీలత. ఒళ్లె పిల్ల. లోపట అందరికి స్టీలు ప్లేట్లల పెట్టిండ్రు, ఆమెకు కాగితం ప్లేటు. దాని అడుగు మెత్తబడి ఉప్మా చేతిలకు కారుతున్నది. చెప్పుల మీద ఈగలు, ప్లేటు మీద అవే ఈగలు. నన్ను చూసి నవ్వింది.

"అవ్వా, మంచిగున్నవా? ఇంకా భయపడుతున్నవా?"

కాగితం ప్లేటు ఆమె చేతిల నుంచి గుంజుకున్న. లోపటికి పోయి ఇంకోటి తెద్దామని తిరిగేటాలకు రాజవ్వ వెనుకనే నిలబడి నా చేతిల ఒక జాకెట్ ముక్క పెట్టింది.

"గిది ఆమెకు పెట్టి తోలు వదినె. దూరం పోవాలె గదా పాపం."

ముక్క మడత ఇప్పితే మూల మీద పాత పసుపు మరక, దాని పక్కకు ఎవల వేలి కుంకుమనో. ఈ ముక్క ఎన్ని ఇండ్లు తిరిగొచ్చిందో, ఎన్ని పెట్టెలల్ల నాఫ్తలిన్ గోళీల పక్కకు పండిందో. ఎవలూ కట్టరు, ఎవలూ కుట్టియ్యరు, ఎవలకో ఒకలకు అంటగడ్తరు. దీని వాసన ముక్కుకు తగలది గాని, నాకు బస్సుల స్వెటర్ చూసినప్పుడు వచ్చిన ఓకరింపే వచ్చింది. ప్లేటు పారేసి, ముక్కను కిటికీ మీద పెట్టి పెరట్లకు పోయిన.

నల్లా కింద టబ్బు పెట్టి, సర్ఫ్ ఏసి, స్వెటర్ ముంచిన. ముక్కుకు కొంగు కట్టి, మొఖం పక్కకు పెట్టి పిసికిన. నీళ్లల్ల తెల్లగ గంజి దిగింది, చిక్కగ, తీగలు తీగలుగ. పారబోసిన. మళ్ల పోసిన. మళ్ల దిగింది. కాలువ కాడ పెరడంత అదే కంపు. ముక్కుతోటి గాలి పీల్వకుంట నోటితోటి పీల్చుకుంట ఉతుకుతున్న.

"ఏం ఉతుకుతున్నవ్ అవ్వా?"

శ్రీలత. పిల్ల తడిపిన బట్ట జాడిద్దామని వచ్చింది. దాద్దామంటే ఎక్కడ దాస్త? చెప్పిన. నూగు సంగతి, గంజి సంగతి, ముసురు సంగతి.

ఆమె వంగి టబ్బుల ముక్కు పెట్టినంత పని చేసి వాసన చూసింది.

"గింతేనా? పులుపు వాసననే గదా. మా ఇంట్ల మూడుపూటల ఇదే. ఎండకాలం మా మామ కల్లుకుండలు కడిగినప్పుడు నువ్వు రావాలె" అన్నది. "నేను పట్టుకుంట, నువ్వు పిండు. ఇంద, నా బిడ్డను ఆ మంచంల పండబెట్టు."

పిల్లను నవారు మంచంల పండబెట్టిన. ఇద్దరం చెరో చివర పట్టుకోని పిండినం. పసుపు స్వెటర్ సాగి సాగి పొడుగైంది. "గిది నా బిడ్డకు పెండ్లిదాక అస్తది" అని ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలే గాని ముక్కుకు కొంగు తీసేసిన.

గప్పుడే రాజవ్వ పెరటి తలుపు తీసింది. వెనుక ఆమె ఆడిబిడ్డ దేవమ్మ, ఇంకొంతమంది సుట్టాల ఆడోల్లు. అందరి ముక్కులకు కొంగులే.

"ఛీ, ఏందిది? తొట్టెల ఇంట్ల గీ కంపేంది?" టబ్బు దిక్కు చూసింది, శ్రీలత దిక్కు చూసింది. "ఈమె తెచ్చిందా? నేను ముందుగాలనే అన్న వదినె, అసొంటోల్లను పిలవద్దని. వాళ్ల ఇండ్లల్ల వాసనలు మన ఇండ్లకు తెస్తరు."

శ్రీలత చేతుల నుంచి స్వెటర్ చివర జారింది. మొఖం దించుకోని మంచంల ఉన్న బిడ్డ దిక్కు చూసింది. ఇప్పుడు ఎత్తుకోని పోతది అని నాకు అర్థమైంది. మళ్ల ఆటో ఎక్కుతది. మళ్ల నేను చెప్పకముందే పోతది.

నా బిడ్డ ఈ ఇంట్ల బతకాలె. అది గూడ మనసుల ఉన్నది.

"కంపు నాది వదినె" అన్న. "నా ఇంటికెల్లి, నా సంచిల, నేను తెచ్చిన. నేను అల్లిన. మా అత్త చెప్తే ఊలుకు గంజి పెట్టిన. ఆమె తెచ్చింది ఒక్కటే. దవాఖానల రోజూ గిన్నెల పాలు పిండి తెచ్చింది. ఆ పాలతోటే మన పిల్లగాడు బతికిండు. నేను దానికి బదులు గీ పాచిన బట్ట తెచ్చిన. ముక్కు మూసుకునేది ఉంటే నన్ను చూసి మూసుకోండ్రి."

దేవమ్మ ముక్కు మీది కొంగు తీసి రాజవ్వ దిక్కు తిరిగింది.

"డబ్బపాలన్నవ్ గదనే రాజవ్వా?"

వెనుక నుంచి సంధ్య పిల్లగాన్ని ఎత్తుకోని వచ్చింది. ఆమె అత్త పక్క నుంచి, ఆడోల్లందరి నడుమ నుంచి, ఎవలనూ జరగమనకుంట వచ్చింది. శ్రీలత చేతులు సర్ఫ్ నురగతోటి ఉన్నయి. "జర చేతులు తుడుసుకో అక్కా" అన్నది. శ్రీలత చీరకు తుడుసుకున్నది. సంధ్య పిల్లగాన్ని ఆమె చేతులల్ల పెట్టింది. "తొట్టెలల ఈమెనే ఏస్తది" అన్నది, అత్తతోటి కాదు, దేవమ్మతోటి.

దేవమ్మ, "ఏయాల్సిందే గదా మరి" అన్నది.

ఏసింది. నేను అనుకున్నట్టు స్వెటర్ తొడిగి చెప్పలే. కంపుల నిలబడి చెప్పిన. రాజవ్వ తొట్టెల కాడికి రాలే, వంటల కాడనే ఉన్నది. మధ్యాహ్నం నా విస్తరిల ఆమె లడ్డు పెట్టింది, నా మొఖం చూడకుంట, అదే ఉంగరం ఉన్న వేళ్లతోటి. ఆ లడ్డు నేను ముట్టలే. ఆమె మళ్ల నాతోటి మాట్లాడుతదో లేదో, ఈ కోపం నా బిడ్డ మీద ఎట్ల తీర్చుకుంటదో, అని నాకు ఇప్పటికీ భయమే.

పొద్దు వాలేటాలకు శ్రీలత బయలెల్లింది. దండెం మీది స్వెటర్ ఇంకా సగం తడే. వాసన తగ్గింది, పోలే. నేను ఇంటికి తీస్కపోయి ఇంకోటి అల్లి పంపుతనన్న. ఆమె ఇనలే. కవర్ల పెట్టుకోబోయింది.

"కవర్ల పెట్టకు బిడ్డా. మళ్ల పులుస్తది."

"మరి ఎట్ల తీస్కపోవాలె?"

"గాలి తగలాలె దానికి."

ఆటో కదిలినంక చూసిన. ఒక చేతిల పిల్ల, ఇంకో చెయ్యి బయటికి చాపి స్వెటర్ పట్టుకున్నది. పసుపు చేతులు రెండూ గాలికి ఉబ్బి ఎగురుతున్నయి. మెయిన్ రోడ్డు మీద లారీలు. గాలికి జారి లారీ కింద పడ్తదేమో, ఆమె దానికోసం వంగుతదేమో.

"శ్రీలతా, చెయ్యి లోపటికి పెట్టు" అని రోడ్డు మీద ఉరికిన.

ఆమె వెనక్కి తిరిగి నవ్వింది. చెయ్యి లోపటికి తీయలే. నేను నిలబడి నా చేతులు వాసన చూసుకున్న. సర్ఫ్ తోటి ఎంత కడిగినా ఇంకా ఉన్నది.